మన చెలకలో విమానం దిగితే: సైరన్ వినిపించేదాకా చేయాల్సిన పనులు

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర చేన్లలో ఒక చిన్న విమానం కూలింది. నాగార్జునసాగర్ దగ్గరి ఫ్లయింగ్ స్కూలుకు చెందిన రెండు సీట్ల సెస్నా 152 అది. అందులో ఉన్నది ఒక్కరే, శిక్షణ తీసుకుంటున్న పైలట్. ప్రాణం దక్కలేదు. చప్పుడు విని, పొగ చూసి ముందుగా పరుగెత్తింది చుట్టుపక్కల చేన్లలో ఉన్న రైతులు. మరుసటి ఏడాది డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర రావెల్లిలో వాయుసేన శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. అదీ ఊరి పక్కనే.

ఇలాంటివి ఎప్పుడో గాని జరగవు. మీ ఊళ్లో జరిగే అవకాశం దాదాపు లేదనే అనుకోవచ్చు. కానీ మన జిల్లాల మీద విమానాలు తక్కువేం తిరగవు. శంషాబాద్‌లో ఎక్కి దిగేవి ఉన్నాయి. సాగర్ వైపు శిక్షణ విమానాలు, దుండిగల్, బీదర్ నుంచి లేచే వాయుసేన విమానాలు ఉన్నాయి. ఎన్నికలొస్తే హెలికాప్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఎయిర్‌పోర్టులో ఇలాంటి పని కోసం జీతాలిచ్చి, తరచూ కసరత్తు చేయించి మనుషుల్ని పెట్టుకుంటారు. చెలకలో అయితే వాళ్లు వచ్చేదాకా ఆ మనుషులు మీరే. వాళ్లు చేసేవాటిలో మీ చేతనయ్యేవి కొన్నే. ఆ కొన్నింటిని వాళ్లు చేసే వరసలోనే చేయాలి, మిగతా వాటి జోలికి పోవద్దు. అందుకే ముందు వాళ్ల వరస ఏంటో చూద్దాం.

ఎయిర్‌పోర్టులో అయితే ఏం జరుగుతుంది

పైలట్‌కు ప్రమాదం తప్పదనిపిస్తే రేడియోలో 'మేడే' అని మూడుసార్లు అంటారు. ట్రాన్స్‌పాండర్, అంటే ఇది ఏ విమానమో రాడార్‌కు తెలిపే పరికరం, దాని మీద 7700 అనే అంకె పెడితే రాడార్ తెర మీద ఆ విమానం వేరుగా కనిపిస్తుంది. కంట్రోల్ టవర్ తప్పకుండా తెలుసుకునేవి రెండు: లోపల ఎంతమంది ఉన్నారు, ఇంధనం ఎంత ఉంది. ప్రమాదకరమైన సరుకేమైనా ఉంటే అదీ అడుగుతారు. ఈ ముక్కలు ఫైర్ సిబ్బందికి చేరిపోతాయి, విమానం దిగేలోపే బండ్లు రన్‌వే పక్కన వచ్చి నిలబడతాయి. చెప్పాపెట్టకుండా ప్రమాదం జరిగినా సరే, రన్‌వే ఏ చివరికైనా మూడు నిమిషాల్లోపు చేరాలనేది అంతర్జాతీయ ప్రమాణం. రెండు నిమిషాల్లో చేరడం లక్ష్యం.

విమానం లోపల కూడా మాటలు తక్కువే. కెప్టెన్ క్యాబిన్ సిబ్బందికి నాలుగు సంగతులు చెబుతారు: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏంటి. సిబ్బంది వాటిని తిరిగి అప్పజెప్పి, పనిలో పడతారు. తలలు వంచి కూర్చోమంటారు. విమానం ఆగాక తలుపు తీసే ముందు ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూస్తారు. అటువైపు మంట ఉంటే ఆ తలుపు తీయరు, జనాన్ని ఇంకో వైపుకు మళ్లిస్తారు. పెద్ద విమానం ఏదైనా సగం తలుపులే వాడి 90 సెకన్లలో ఖాళీ చేయవచ్చని నిరూపిస్తేనే దానికి అనుమతి ఇస్తారు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా ఎయిర్‌పోర్టులో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇంకో విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంటే, ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి. మైకు కూడా పని చేయలేదు, సిబ్బంది మెగాఫోన్లు పట్టుకొని అరిచారు. అయినా లోపల ఉన్న 379 మందీ బతికి బయటపడ్డారు. సామాను వదిలేసి రావడం అందుకు పెద్ద కారణం. డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోయే పెద్దోళ్లు ఇంట్లో ఉంటే ఇది గట్టిగా చెప్పి పంపండి: దిగమన్నప్పుడు పచ్చళ్ల బ్యాగు కాదు కదా, పాస్‌పోర్టు బ్యాగు కోసం కూడా చెయ్యి పైకెత్తొద్దు.

ఇందులో మీరు చెలకలో వాడుకోవాల్సినవి మూడు. ముందు సమాచారం పంపడం, అడుగేసే ముందు బయట ఏముందో చూడటం, ఆ తర్వాతే మనుషుల్ని తీయడం. మనవాళ్లు చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తారు. ముందు ఉరుకుతారు, తర్వాత చూస్తారు, ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారులే అనుకుంటారు.

ఇంకా గాల్లో ఉండగానే కనిపిస్తే

ఇంజిన్ ఆగిపోయిన చిన్న విమానం ఒక్కసారిగా రాయిలా పడిపోదు, తేలుకుంటూ దిగుతుంది. సెస్నా 152 లాంటిది గాలి అనుకూలిస్తే వెయ్యి అడుగుల ఎత్తు నుంచి రెండున్నర కిలోమీటర్ల దాకా తేలగలదు. ఆ కాస్త సేపట్లో పైలట్ కింద సాపుగా ఉన్న జాగా వెతుక్కుంటారు. వీలైతే గాలికి ఎదురుగా, చాళ్ల వెంబడి దిగాలని చూస్తారు. నాటు వేసిన పొలంలో దిగితే చక్రాలు కూరుకుపోయి విమానం ముక్కు మీద తిరగబడే ప్రమాదం ఉంది. బత్తాయి తోట పైనుంచి మెత్తగా కనిపించినా లోపలన్నీ మొద్దులే. ఎండిన చెలక, కోత అయిపోయిన చేను, నీళ్లు లేని చెరువు శిఖం పైలట్‌కు నచ్చే జాగాలు. పైనుంచి చివరిదాకా కనిపించనివి కరెంటు తీగలు, కడీలకు కట్టిన ఫెన్సింగ్ తీగలు, చేను మధ్యలో ఉండే బండరాళ్లు.

దిగే ముందు పైలట్ ఇంధనం ఆపేస్తారు, ఇంజిన్ స్విచ్‌లు కట్టేస్తారు, తలుపు గొళ్లెం ముందే తీసి పెడతారు. తాకిడికి తలుపు చట్రం వంగి ఇరుక్కుపోకుండా ఆ జాగ్రత్త.

కాబట్టి చప్పుడు లేకుండానో, ఇంజిన్ దగ్గినట్టు ఆగి ఆగి మోగుతూనో ఒక విమానం బాగా కిందికి వస్తుంటే మీరు చేయాల్సింది ఆ ఖాళీ చెలకలోంచి పక్కకు పోవడం. కూలీలను పిలవండి, మేకలను తోలేయండి. చెయ్యి ఊపుకుంటూ ఎదురుగా ఉరకొద్దు, రుమాలు పట్టుకొని దారి చూపించే ప్రయత్నం చేయొద్దు. మనిషి అడ్డుంటే పైలట్ ఆఖరి క్షణంలో పక్కకు తిప్పుతారు. అంత తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో తిప్పితే విమానం అదుపు తప్పి పడిపోవచ్చు.

ఫోన్ ఇలా చేయండి

112కు చేయండి. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ అదే దారి. ఇంకొకరు 108కి, మరొకరు 101కి చేసినా తప్పు లేదు. కానీ ముగ్గురూ మూడు రకాలుగా చెప్పొద్దు.

చెప్పాల్సిన తీరు ఇలా ఉండాలి: "పెద్దవూర మండలం, ఫలానా ఊరు. ఊరికి తూర్పున గుట్ట కింద చెలకలో చిన్న విమానం పడింది. తిరగబడి ఉంది. మంట లేదు, పెట్రోలు వాసన వస్తోంది. లోపల ఒక్కరు కనిపిస్తున్నారు, చెయ్యి కదుపుతున్నారు. ఒక కరెంటు తీగ తెగి పడింది. ఫైరింజన్ సాగర్ రోడ్డు మీది బడి పక్కనుంచి బండ్లబాటలో రావాలి. బడి దగ్గర మా మనిషి నిలబడి ఉంటాడు."

సర్వే నంబరు చెప్తే డ్రైవర్‌కు అర్థం కాదు. ఫోన్‌లో లొకేషన్ తీసి వాట్సాప్‌లో పంపండి. విమానం తోక దగ్గరో పక్కనో 'వీటీ' అని మొదలై ఇంకో మూడు అక్షరాలు రాసి ఉంటాయి. అది మన దేశ పౌర విమానాల రిజిస్ట్రేషన్. దూరం నుంచి కనిపిస్తే అది కూడా చెప్పండి, విమానం ఎవరిదో, ఎంతమంది ఎక్కారో అధికారులకు త్వరగా తెలుస్తుంది.

ఎంతమంది అనే దగ్గర మాత్రం ఊహించి చెప్పొద్దు. తుంగతుర్తి సంగతే తీసుకోండి, మొదట వచ్చిన వార్తల్లో హెలికాప్టర్ కూలిందనీ, ఇద్దరు చనిపోయారనీ చెప్పారు. తర్వాత తేలింది విమానం అని, ఒక్కరే అని. లెక్క ఎక్కువైతే లేని మనిషి కోసం పొద్దుగూకేదాకా వెతుకుతారు, తక్కువైతే పత్తి చేనులో ఎగిరిపడిన మనిషి అక్కడే ఉండిపోతారు. "నాకు కనిపించింది ఒక్కరు, ఇంకా ఉన్నారేమో తెలియదు" అని చెప్పడమే సరైన మాట. లోపలున్నవాళ్లు స్పృహలో ఉంటే మొట్టమొదట అడగాల్సిందీ అదే: మీతో ఇంకెవరైనా ఉన్నారా?

కరెంటు సంగతి ముందు తేల్చండి

మన చేన్లలో విమానం తర్వాత పెద్ద ప్రమాదం తీగలే. బోర్ల కోసం వేసిన లైన్లు ప్రతి చెలక మీదా ఉంటాయి. విమానం వాటిని తెంచుకొని పడితే, తీగ విమానం మీదో తడి నేల మీదో ఉండవచ్చు.

1912కు చెప్పండి. కానీ అంతకంటే త్వరగా పని అయ్యేది మీ లైన్‌మన్‌కో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కో నేరుగా చేసే ఫోన్‌తోనే. వాళ్ల నంబర్లు ప్రతి రైతు దగ్గరా ఉంటాయి. ఏ ఫీడరో చెప్పి లైన్ ఆపించండి. "మోటర్లు ఆగినయి, కరెంటు పోయింది" అని నమ్మి ముందుకు పోకండి. లైన్ దానంతట అదే ట్రిప్ అయి ఉంటే, సంగతి తెలియని ఆపరేటర్ మళ్లీ ఛార్జ్ చేస్తాడు. ఆపేశాం అని ఆయన నోటితో చెప్పేదాకా తీగకు పది మీటర్ల దూరంలోనే ఉండండి, తడి నేలైతే ఇంకా వెనక్కి. కాళ్లు జివ్వుమంటే రెండు పాదాలూ దగ్గరగా ఉంచి, నేల మీదనే జరుపుకుంటూ వెనక్కి రండి. పెద్ద అంగలు వేయొద్దు.

తీగ విమానం మీద పడి ఉంటే లోపలి మనిషిని బయటికి రావద్దని అరిచి చెప్పండి. మంట అంటుకుంటే తప్ప లోపలే ఉండటం మేలు. తప్పనిసరై దూకాల్సి వస్తే, విమానాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లు కలిపి దూరంగా దూకాలి. వెదురు కట్టెతో తీగ జరుపుతాననే ధీరులు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. ఆయన్ని పట్టుకొని ఆపడం కూడా మీ పనే.

దగ్గరికి పోయే పద్ధతి

గాలి మీ వీపు వైపు నుంచి వీస్తున్న దిక్కు చూసుకొని ఆ దిక్కు నుంచి వెళ్లండి. పొగ, పెట్రోలు ఆవిరి మీకు ఎదురు రాకూడదు. బైకులు, ట్రాక్టర్లు వంద మీటర్ల ఇవతలే ఆపి ఇంజిన్ కట్టేయండి. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పాలా? చెప్పాలి, మనోళ్లకు చెప్పాల్సిందే.

చిన్న శిక్షణ విమానాల్లో వాడేది ఒక రకం పెట్రోలే. లేత నీలం రంగులో ఉంటుంది. సెస్నా 152లో ట్యాంకులు నిండితే సుమారు వంద లీటర్లు పడుతుంది, అదంతా తల మీద ఉండే రెక్కల్లోనే. విమానం తిరగబడితే రెక్కల మూతల నుంచి కారి నేలలోకి ఇంకుతుంది. తడిగా, నీలంగా, ఘాటు వాసనతో ఉన్న మట్టి మీద అడుగు పెట్టకండి, అటు నుంచి కాక ఇంకో పక్క నుంచి వెళ్లండి.

ముందున్న పంకా ఆగిపోయి ఉన్నా దాని ఎదురుగా నిలబడకండి, చేత్తో తిప్పకండి. స్విచ్ ఆపకుండా ఉంటే కాస్త కదిలించినా ఇంజిన్ ఒక్కసారి కొట్టుకోవచ్చు, చెయ్యి తెగిపోతుంది. హెలికాప్టర్ అయితే పైన రెక్కలు పూర్తిగా ఆగేదాకా దగ్గరికే పోవద్దు, తోక వైపు నుంచి అసలే పోవద్దు. రెక్కలు నెమ్మదించే కొద్దీ కిందికి వంగుతాయి, అది చాలామందికి తెలియదు.

వాయుసేన జెట్ విమానమైతే మీరు దూరంగా ఉండటమే మంచిది. సీటు కింద మందుగుండు ఉంటుంది, పైలట్‌ను గాల్లోకి విసిరేయడానికి. సీటు దగ్గర పసుపు నలుపు చారల పిడి కనిపిస్తే దాన్ని ముట్టొద్దు, లాగొద్దు. పైలట్ అప్పటికే పారాచూట్‌తో ఎక్కడో దిగి ఉండవచ్చు. కొందరు అటువైపు వెతకండి.

పెద్ద ప్రయాణికుల విమానమైతే మీ శక్తికి మించినది. టన్నుల్లో ఇంధనం ఉంటుంది. నడిచి బయటికి వస్తున్నవాళ్లను గాలి వచ్చే దిక్కుకు, దూరంగా తీసుకుపోయి ఒకచోట కూర్చోబెట్టడం, లెక్కపెట్టడం, గాయాలు చూడటం మీ పని. లోపలికి ఎక్కడం కాదు.

మంట ఉంటే

పెట్రోలు మంట మీద బిందెలతో నీళ్లు గుమ్మరిస్తే పెట్రోలు నీళ్ల మీద తేలి మంట ఇంకా పాకుతుంది. ఎయిర్‌పోర్టు ఫైర్ బండ్లు నురగ కొట్టేది అందుకే. మీకు దొరికేది పొడి చిమ్మే సిలిండర్. స్కూలు బస్సులో ఉంటుంది, పెట్రోలు బంకులో ఉంటుంది, జిన్నింగ్ మిల్లులో ఉంటుంది. ఎవరినైనా పంపి అన్నీ తెప్పించండి. అయితే ఒక్కో సిలిండర్ అర నిమిషం కూడా రాదు. దాంతో విమానం మంట ఆర్పుదామని చూడకండి. మనిషికీ మీకూ మధ్య ఉన్న మంటను అణచి, ఆ కాస్త దారిలో మనిషిని లాగడానికే వాడండి. గాలి వచ్చే వైపు నిలబడి మంట మొదట్లో కొట్టండి. ఒకరు కొడుతుంటే ఇంకొకరు లాగాలి. రెండో సిలిండర్ చేతిలో లేకుండా మొదటిది మొదలుపెట్టకండి.

నీళ్లు పనికొచ్చే చోటు వేరే ఉంది. చుట్టూ ఎండిన పత్తి కట్టె, వరి కొయ్యకాళ్లు, గడ్డి ఉంటే మంట చేన్లకు అంటుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే నిమిషాల పని. గాలి పోయే వైపు, విమానానికి బాగా దూరంగా, ట్రాక్టర్‌తో నాలుగు చాళ్లు దున్నించండి. బోరు నీళ్లు ఆ గట్టు వెంట పారించండి. పవర్ స్ప్రేయర్ ఉంటే గడ్డి తడపవచ్చు, కానీ డ్రమ్ములో పురుగు మందు మిగిలి ఉన్నది తేవద్దు.

మనిషిని తీయడం

మంట ఉంటే ఆలోచించేది లేదు. చంకల కింద చేతులేసి, లేదా చొక్కా కాలర్ పట్టుకొని, నేల మీద ఈడ్చి అయినా సరే గాలి వచ్చే వైపుకు లాగేయండి. వెన్ను సంగతి తర్వాత.

మంట, పెట్రోలు వాసన లేకపోతే తొందర పడొద్దు. ముందు మాట్లాడండి. "అమ్మా, కదలకండి, అంబులెన్స్ వస్తోంది" అని చెప్పండి. మన ఫ్లయింగ్ స్కూళ్లలో ఇతర రాష్ట్రాల పిల్లలు చదువుతారు, కాబట్టి హిందీయో ఇంగ్లీషో వచ్చిన వాళ్లను పక్కన నిలబెట్టండి. పైలట్ స్పృహలో ఉంటే స్విచ్‌లు కట్టేశారా అని అడగండి. వాళ్లే చూపిస్తారు. సెస్నాలో ఎడమ సీటు ముందు ఎర్రటి స్విచ్ ఒకటి, దాని పక్కన కారుకున్నట్టే తాళం చెవి ఉంటాయి. మీరు వాటిని ఆపితే, ఏది ఎటువైపు ఉంటే ఎటు తిప్పారో గుర్తుంచుకోండి. ఇది తర్వాత అవసరమవుతుంది.

విమానం తిరగబడి మనిషి బెల్టుకు తలకిందులుగా వేలాడుతుంటే చాలామంది చేసే పని కొడవలి తెచ్చి బెల్టు కోయడం. అప్పుడు బరువంతా మెడ మీద పడుతుంది. తాకిడికి బతికిన మనిషి అక్కడ మెడ విరిగి పోవచ్చు. కోసే ముందు ఇద్దరు లోపలికి చేతులు పెట్టి భుజాలు, నడుము కింద ఆనించి బరువు ఎత్తి పట్టాలి. మూడో మనిషి తలను రెండు చేతులతో నిలబెట్టి పట్టుకోవాలి. అప్పుడు నాలుగో మనిషి ముందుగా బక్కిల్ పై రేకు ఎత్తి చూడాలి, చాలాసార్లు అలాగే ఊడుతుంది. ఊడకపోతేనే కొడవలి, అదీ మొన బయటి వైపు ఉండేలా.

పడుకోబెట్టడానికి నులక మంచం వద్దు, అది మధ్యలో గుంత పడుతుంది. ఇంటి తలుపు చెక్కో, ట్రాలీ డాల చెక్కో తెప్పించండి. తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒకరే లెక్క చెప్పాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట మడత పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, తీసి తీసి చూడకండి. కాలిన చోట బోరు నీళ్లు ఇరవై నిమిషాల పాటు సన్నగా పోస్తూనే ఉండండి. గాజులు, ఉంగరాలు, గడియారం వాపు రాకముందే తీసేయండి. అంటుకుపోయిన బట్ట పీకొద్దు. టూత్‌పేస్టు, సిరా, నూనె, పసుపు ఏదీ రాయొద్దు. నోట్లో నీళ్లు, చాయ్ పోయొద్దు, దవాఖానలో ఆపరేషన్ చేయాల్సి వస్తే ఇబ్బంది. తనంతట తాను నడిచి వచ్చి "నాకేం కాలేదు" అన్న మనిషిని కూడా 108 వచ్చేదాకా పడుకోబెట్టే ఉంచండి. కడుపు లోపలి దెబ్బ అప్పుడే తెలియదు.

ప్రాణం పోయిందనిపిస్తే, మంట ప్రమాదం లేనంతవరకూ శరీరాన్ని కదల్చకుండా బట్ట కప్పి, ఫోన్లు పైకెత్తిన వాళ్లను వెనక్కి పంపండి.

బాట, జనం, చీటీ

సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, కారోబార్, ఎవరు ముందు వస్తే వాళ్లు ఈ పని తలకెత్తుకోవాలి. ఇద్దరు యువకులను మెయిన్ రోడ్డు మీద, ఇంకో ఇద్దరిని బాట మలుపు దగ్గర పెట్టండి. బాట మీద ఒక్క బైకు కూడా ఉండొద్దు. ఫైరింజన్ నిండా నీళ్లుంటే చాలా బరువు, నల్లరేగడిలో దిగబడితే ఇక కదలదు. గట్టి నేల ఎక్కడిదాకా ఉందో ముందే చూసి అక్కడే ఆపించి, పైపు లాగించండి. గట్టు అడ్డమైతే జేసీబీతో తెగ్గొట్టించండి.

2020 ఆగస్టు 7న కేరళలోని కోజికోడ్ ఎయిర్‌పోర్టులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలోకి జారింది. 190 మందిలో 21 మంది చనిపోయారు. వాన, రాత్రి, పైగా కరోనా రోజులు. అయినా చుట్టుపక్కల జనం వచ్చి, తమ సొంత కార్లలో గాయపడ్డవాళ్లను దవాఖానలకు చేర్చారు, రక్తం ఇవ్వడానికి వరసలో నిలబడ్డారు. అలా సొంత బండ్లలో పంపాల్సి వస్తే ఒక మనిషి నోటుబుక్కు పట్టుకొని కూర్చోవాలి: ఆడా మగా, ఏ రంగు బట్టలు, పేరు తెలిస్తే పేరు, ఏ బండిలో, ఏ దవాఖానకు. ఈ చీటీ లేకపోతే ఇంటివాళ్లు నల్లగొండ పెద్దదవాఖాన నుంచి హైదరాబాద్ దాకా ఒక్కో వార్డూ తిరగాల్సి వస్తుంది.

ఇక ఏదీ ముట్టొద్దు

మనుషులు బయటికి వచ్చాక, మంట ఆరాక, మీ చేతులు వెనక్కి పెట్టుకోవాలి. ప్రాణాలు కాపాడటానికీ మంట ఆపడానికీ తప్ప శకలాలు కదల్చకూడదు. పౌర విమానమైతే దర్యాప్తు చేసేది ఢిల్లీలోని విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో, అంటే ఏఏఐబీ. వాయుసేనదైతే వాళ్లే సొంతంగా విచారణ జరుపుకుంటారు.

బ్లాక్‌బాక్స్ ఉంటుంది కదా, ముక్కలతో పనేముంది అనుకోవద్దు. పెద్ద విమానాల్లో ఉంటుంది, అదీ నారింజ రంగులో. చిన్న శిక్షణ విమానంలో సాధారణంగా ఉండదు. కాబట్టి దర్యాప్తు అధికారి చదివేది నేలనే. పంకా రెక్క ఎటు, ఎంత వంగింది అన్నదాన్ని బట్టి పడేటప్పుడు ఇంజిన్ తిరుగుతోందా లేదా చెబుతారు. చక్రం మొదట ఎక్కడ తాకింది, అక్కడి నుంచి గీత ఎంత దూరం పోయింది, ఏ మీట ఏ స్థానంలో ఉంది, ఇవన్నీ వాళ్లకు సాక్ష్యాలే. వందమంది చెప్పులు ఆ గీత మీద తిరిగితే మిగిలేది దుమ్ము. నాలుగు కడీలు పాతి, ఎద్దుల పగ్గంతోనైనా చుట్టూ తాడు కట్టండి. ఇందాక మీరు తిప్పిన స్విచ్, కోసిన బెల్టు, విరిచిన తలుపు గురించి పోలీసులకు మీరే చెప్పండి. చెప్పకపోతే పైలట్ చేసిందని రాసుకుంటారు.

లోపల ఒక చిన్న పెట్టె 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపుతూ ఉండవచ్చు. దీపం మిణుకుతున్నా, కీచుమన్నా కంగారు పడి వైర్లు పీకొద్దు. వెతికేవాళ్లకు దారి చూపేది అదే.

కూలేటప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా వీడియో పడి ఉంటే దాన్ని కోయకుండా, పాట కలపకుండా దాచి పోలీసులకు ఇవ్వండి. ఇంజిన్ చప్పుడు ఎప్పుడు ఆగిందో వీడియోలోని శబ్దం చెబుతుంది. కళ్లారా చూసినవాళ్లు ఒకరితో ఒకరు చర్చించుకోకముందే ఎవరికి వాళ్లు చూసింది ఒక కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. సాయంత్రానికి అందరి కథా ఒకటైపోతుంది.

కాలిన విమానం ముక్కల దగ్గర మాస్కో, తడి రుమాలో కట్టుకోండి. కొన్ని భాగాలు నూలు పోగుల్లాంటి సన్నటి ఫైబర్‌తో చేసినవి, కాలితే ఆ పొడి కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలు రేకు ముక్కలు ఇంటికి తెచ్చుకుంటే తిరిగి ఇప్పించండి. తూకానికి అమ్మే ఆలోచన ఎవరికైనా ఉంటే కేసు అవుతుందని ముందే చెప్పండి.

చేను ఎవరిదో వాళ్లకు

జనం తొక్కకముందే మీ పంట, బోరు, స్టార్టర్ డబ్బా, ఫెన్సింగ్ ఫొటోలు తీసి పెట్టుకోండి. పోలీసులు పంచనామా రాసేటప్పుడు ఏ పంట, ఎన్ని గుంటలు, ఏం పాడైందీ అందులో రాయించండి. తహసీల్దార్‌కు, వ్యవసాయ విస్తరణాధికారికి దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. విమానం నడిపేవాళ్లకు ఇలాంటి నష్టాల కోసం బీమా ఉంటుంది, ఆ వివరాలు పోలీసుల ద్వారా రాతపూర్వకంగా అడగండి.

శకలాలు తీసుకుపోయి, దున్నుకోవచ్చని అధికారులు చెప్పేదాకా ఆ చెలకలో అరక కట్టొద్దు. పెట్రోలు ఇంకిన చోట గడ్డి పశువులకు వేయొద్దు. అనుమతి వచ్చాక కూడా ముందు కాలినడకన చాళ్ల వెంట తిరిగి చూడండి. గాజు పెంకులు, తీగ ముక్కలు, రివెట్లు మట్టిలో మిగిలే ఉంటాయి, మేతతో పాటు బర్రె కడుపులోకి పోతే దాన్ని బతికించడం కష్టం. దొరికినవన్నీ ఒక సంచిలో వేసి స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకోండి.